త్రేన్పుల డాక్టరమ్మ

ఆమెను చుట్టుపక్కల అందరూ త్రేన్పుల డాక్టరమ్మ అనేవాళ్ళు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు. ఒకరోజు పాలకేంద్రం దగ్గర ఎవరో నోరు జారి ఎదురుగానే అనేసి నాలుక కరుచుకుంటే, ఆమె వెనక్కి తిరిగి, "ఆఁ, చెప్పండి" అంది. ఇక ఆ పేరు స్థిరపడిపోయింది.

పేరుకు తగ్గట్టే ఆమె పని ఆవుల త్రేన్పులు కొలవడం. ఆవు తిన్న గడ్డి దాని పొట్టలోని మొదటి అరలో నాని, పులిసి, కంటికి కనిపించని సూక్ష్మజీవుల వల్ల జీర్ణమవుతుంది. ఆ క్రమంలో పుట్టే వాయువు మీథేన్. అది త్రేన్పులై బయటికొచ్చి గాలిలో కలుస్తుంది. బరువుకు బరువు చూస్తే, భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువును మించిపోతుంది. ఈ సంగతి విన్నవాళ్ళు ముందు నవ్వేవాళ్ళు. నవ్వి, "వెనకనుంచి కాదా?" అని అడిగేవాళ్ళు. "కాదండీ, ఎక్కువ భాగం ముందునుంచే" అని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో ఆమెకే గుర్తులేదు.

అయితే ఈ పని ఆమె కోరుకున్నది కాదు.

చిన్నప్పుడే తల్లీతండ్రీ ఒకరి తర్వాత ఒకరు పోతే ఆమెను పెంచింది అన్నయ్య. అప్పటికి అతనికీ మీసాలు సరిగ్గా రాలేదు. బడి మానేసి, తండ్రి వదిలివెళ్ళిన ఆవులను చూసుకుంటూ, సైకిలుకు పాలక్యాన్లు కట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. చెల్లెలిని ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బడి గేటు దగ్గర దింపి, మిగిలిన పాలు పోసి వచ్చేవాడు. ఆమె పశువైద్యం చదువుతానన్నప్పుడు, "మనుషుల డాక్టరు కావచ్చుగా చిట్టీ?" అని ఒక్కసారి అడిగాడు. ఆమె కాదంది. లోపల్లోపల అతనికి ఎంత సంతోషమైందంటే, ఆ సాయంత్రం కొట్టంలో ప్రతి ఆవు దగ్గరికీ వెళ్ళి ఆ వార్త చెప్పి వచ్చాడు. ఆమె డాక్టరు కోటు వేసుకుని దిగిన మొదటి ఫోటో ఇప్పటికీ పాలగదిలో, తడి తగలకుండా ప్లాస్టిక్ కవరులో, గోడకు వేలాడుతోంది.

డాక్టరైన తర్వాత ఆమె ఏళ్ళ తరబడి ఆ ప్రాంతమంతా తిరిగింది. జీపు వెనక మందుల పెట్టె, కాళ్ళకు రబ్బరు బూట్లు, భుజం దాకా తొడుక్కునే తొడుగు. ఏ కొట్టంలో ఏ ఆవు ఈనలేక అవస్థ పడుతున్నా ఆమెకే కబురు. దూడ మొదటిసారి ఊపిరి పీల్చేటప్పుడు వచ్చే ఆ తడితడి చప్పుడు కోసమే తాను బతుకుతున్నానని భర్తతో అనేది. భర్త ఫ్రిజ్ మెకానిక్. "మా ఫ్రిజ్‌లు కూడా బాగుపడగానే అలాంటి చప్పుడే చేస్తాయి, కానీ వాటిని ఎవరూ ముద్దుపెట్టుకోరు" అని ఆట పట్టించేవాడు.

ఒకనాడు సూది వేస్తుండగా ఒక గేదె బెదిరి తన్నింది. తన్ను మోకాలి చిప్ప మీద పడింది. ఎముక అతుక్కుంది గానీ మోకాలు పూర్తిగా మడవడం లేదు. మెట్లు ఎక్కాలంటే కాలు పక్కకు తిప్పి ఎక్కాలి, నేల మీద కూర్చోవడం కల్ల. బురద కొట్టాల్లో పడుతూ లేస్తూ తిరిగే ఉద్యోగానికి ఆ కాలు పనికిరాదని తేల్చి, ఆమెను పశు పరిశోధన కేంద్రానికి బదిలీ చేశారు.

అక్కడి డైరెక్టరుగారు మర్యాదస్తుడే. కాకపోతే మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ మొహం కాకుండా కిటికీ చూస్తూ మాట్లాడతాడు.

"మీథేన్ విభాగం ఒకటి కొత్తగా పెట్టారమ్మా. ఎవర్నడిగినా రామంటున్నారు. మీరు కూర్చుని చేసుకోవచ్చు" అన్నాడు.

"ఏం చెయ్యాలి సార్?"

"ఆవుల... అదీ... శ్వాసను కొలవాలి."

ఆ రోజు ఇంటికొచ్చి ఆమె బూట్లు విప్పి చీపురు పక్కన పెట్టి, వాటికేసి చాలాసేపు చూస్తూ కూర్చుంది. భర్త టీ తెచ్చి పక్కన పెట్టాడు. చల్లారిపోయింది. తీసుకెళ్ళి మళ్ళీ వేడిచేసి తెచ్చాడు. ఈసారి తాగింది. "నన్ను మూలన కూర్చోబెట్టారండీ" అంది.

మూల అన్నది నిజంగా ఒక మూలే. కేంద్రం వెనక, దాణా గోదాము పక్కన, లారీ పెట్టంత గాజు గది. ఆవును అందులో ఉంచి తలుపు బిగిస్తారు. ఒక గొట్టం గుండా గాలి లోపలికి వెళుతుంది, ఇంకో గొట్టం గుండా బయటికొస్తుంది. వచ్చే గాలిలో మీథేన్ ఎంతుందో యంత్రం చెబుతుంది. చెప్పాలి. చెప్పేది మాత్రం పూటకో మాట. ఒకే ఆవు పొద్దున ఒక లెక్క, మధ్యాహ్నం దానికి సగం. యంత్రం అమ్మినవాళ్ళు వచ్చి చూసి, యంత్రం బంగారంలా ఉందనీ ఆవులోనే ఏదో తేడా ఉందనీ చెప్పి వెళ్ళారు.

ఆదివారం ఆమె భర్తను వెంట తీసుకెళ్ళింది. అతను గది చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, బకెట్లో సబ్బు నురుగు కలిపి, తలుపు అంచుల వెంట బ్రష్షుతో పూశాడు. ఒక మూల నురుగు బుడగలు బుడగలుగా ఉబ్బింది. "ఇదిగో, మీ ఆవు ఇక్కడినుంచి పారిపోతోంది" అన్నాడు. పాత ఫ్రిజ్ తలుపుల రబ్బరు తెచ్చి ఇద్దరూ కలిసి అతికించారు. ఆ తర్వాత లెక్కలు కుదుటపడ్డాయి.

అయినా ఒక చిక్కు మిగిలింది. ఒంటరిగా గదిలో ఉన్న ఆవు మేత మానేసేది. గుంపులో బతికే జీవి. తోడు కనబడకపోతే దానికి ముద్ద దిగదు. ఆమె ఎదురుగా ఇంకో ఆవును కట్టేయించింది, గాజులోంచి ఒకదానికొకటి కనబడేలా. లోపలి ఆవు బయటి ఆవును చూస్తూ తినడం మొదలుపెట్టింది. ఆమెకు ఆ పనిలో మొదటిసారి మనసు పెట్టబుద్ధయింది ఆ రోజే. ఇదీ వైద్యమే, రోగం మాత్రం ఒక్క ఆవుది కాదు అనుకుంది.

*

అన్నయ్యతో గొడవ వచ్చింది పాలకేంద్రం హాల్లో జరిగిన సమావేశంలో.

పాడి రైతులందరినీ పిలిచారు. పట్నం నుంచి వచ్చిన అతిథి ఒకాయన ముందు మాట్లాడాడు. తెరమీద రంగురంగుల బొమ్మలు చూపించి, భూమి వేడెక్కడానికి పశువులెంత కారణమో చెప్పి, పశువుల సంఖ్య తగ్గించడమే దారి అని ముగించాడు. హాల్లో గుసగుసలు. ముందు వరసలో కూర్చున్న అన్నయ్య లేచి నిలబడ్డాడు. ఉతికిన చొక్కా, తడిపి దువ్విన జుట్టు. చెల్లెలు మాట్లాడుతుందని వచ్చాడు.

"అయ్యా, మీరు ఆగండి. మా చెల్లెల్ని చెప్పనీండి. మా ఆవులేమైనా తప్పు చేస్తున్నాయా?"

మైకు ఆమె చేతిలో ఉంది. చెప్పాల్సింది చాలా ఉంది. తప్పని కాదు అన్నయ్యా, దారి వెతకడానికే నేనున్నాను అని చెప్పొచ్చు. కానీ పక్కన డైరెక్టరుగారు, అతిథి, ఎదురుగా నిండు హాలు. ఆమె గొంతు సవరించుకుని పుస్తకంలో ఉన్నట్టు చెప్పింది: "తప్పొప్పుల ప్రశ్న కాదండీ. ఉద్గారాల్లో పశుసంపద వాటా గణనీయంగా ఉందన్నది నిజం."

ఆ 'అండీ' దగ్గరే అతని మొహం మారిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె అతన్ని అండీ అనలేదు. కుర్చీ వెనక్కి జరిపి, ఎవరి కాళ్ళూ తొక్కకుండా జాగ్రత్తగా వరస దాటి, బయటికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మాటల్లేవు. ఆమె ఫోను చేస్తే వదిన ఎత్తేది. ఇంటికి వెళితే అతను కొట్టంలో పని ఉందని వెళ్ళిపోయేవాడు. కొట్టంలోకి వెళితే పొలంలో ఉండేవాడు. ఇలా చాలా నెలలు గడిచాయి. ఈలోగా గాజు గదిలో ఆమె పని బాగానే సాగింది. ఒక రకం ఎర్ర సముద్రపు నాచును ఎండబెట్టి పొడిచేసి, చిటికెడు చిటికెడు దాణాలో కలిపితే మీథేన్ బాగా తగ్గుతోంది. డైరెక్టరుగారు మొట్టమొదటిసారి కిటికీ వదిలి ఆమె మొహంకేసి చూసి అభినందించాడు. "ఇక నిజమైన మందలో చేసి చూపించండి. మామూలు రైతు, మామూలు కొట్టం" అన్నాడు.

ఆమె అడిగిన రైతులు ఎవరూ ఒప్పుకోలేదు. "మీ అన్నే మిమ్మల్ని నమ్మట్లేదుగా" అనేవాళ్ళు.

ఒకరోజు వదిన పాలు చల్లబరిచే యంత్రం చెడిపోయిందని డాక్టరమ్మ భర్త ఫ్రిజ్ షాపుకు వచ్చింది. గట్టి మనిషి. చేతులు పాలు పిండీ పిండీ మగవాళ్ళ చేతుల్లా ఉంటాయి. ఆడపడుచు అక్కడే ఉంది, ఒక పాత ఫ్రిజ్ మీద కాగితాలు పరుచుకుని.

"ఏంటే, మొహం అలా పెట్టావ్?"

"మంద దొరకట్లేదు వదినా."

"మన మంద ఏమైంది?"

"అన్నయ్య..."

"మీ అన్నయ్య ఆవులకి పేర్లు పెడతాడు. పాలు పిండేది నేను, మేత వేసేది నేను. నువ్వు నన్నడిగావా?"

ఆమె ఫ్రిజ్ మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టింది.

వదిన గొంతు తగ్గించింది. "ఆయనది కోపం కాదే. భయం. ఆ సభనుంచి వచ్చాక ఆవుల్ని పట్టుకుపోతారేమోనని కలవరిస్తున్నాడు. పట్టుకుపోయేవాళ్ళ వైపు నువ్వు నుంచున్నావని ఆయన బాధ. వచ్చి కళ్ళ ముందు పని చెయ్యి. అదే పోతుంది." తర్వాత మెకానిక్‌కేసి తిరిగి, "అన్నయ్యగారూ, మీరు మాత్రం కబుర్లు వినకుండా నా మిషను చూడండి. పాలు విరిగిపోతాయి" అంది.

*

అలా ఆమె పుట్టింటి కొట్టంలోకి యంత్రం వచ్చింది. చూడ్డానికి పెద్ద తపాలా పెట్టెలా ఉంటుంది. ఆవు అందులో తల దూర్చగానే కాస్త దాణా రాలుతుంది. అది తింటున్నంతసేపూ లోపలి ఫ్యాను దాని ఊపిరిని పీల్చి కొలుస్తుంది. మందను రెండు భాగాలు చేశారు. ఒక వరసకు నాచుపొడి కలిపిన దాణా, ఇంకో వరసకు మామూలు దాణా. రోజూ పొద్దున తొట్లలో మిగిలిన మేత తూచాలి, పాలు తూచాలి.

అన్నయ్య అడ్డు చెప్పలేదు. అలాగని మాట్లాడనూ లేదు. చెల్లెలు ఒక వైపు ఉంటే తను ఇంకో వైపు ఉండి ఆవులతో మాట్లాడేవాడు. అతని ఆవుల పేర్లు విచిత్రంగా ఉండేవి. ఎప్పుడూ మందకు ముందు నడుస్తూ వెనక్కి తిరిగి చూసుకునేది టీచరమ్మ. ఊరికే గొంతులో సణిగేది గొణుగుడు. ఆ గొణుగుడుకు యంత్రం మహా నచ్చింది. తల పెడితే తిండి రాలుతుందని కనిపెట్టి, మిగతావాటిని రానివ్వకుండా రోజంతా అక్కడే నిలబడేది.

"ఏమే గొణుగుడూ," అన్నయ్య దాని వీపు తడుతూ పైకి అనేవాడు, "ఆ డాక్టరమ్మగారితో చెప్పు. నీ ఒక్కదాని త్రేన్పులే కొలిచి లోకమంతటికీ లెక్క కట్టొద్దని."

ఆమె కూడా ఆవుతోనే చెప్పేది. "మీ యజమానిగారితో చెప్పవే, దాన్ని పక్కకు తోలమని."

వదిన పాల చెంబు పట్టుకుని మధ్యలోంచి పోతూ, "ఆవులే నయం, ఇద్దరి మాటా వినాల్సొస్తున్నా నోరెత్తవు" అనేది.

ఒక మధ్యాహ్నం పెళ్ళికూతురు అనే ఆవుకు నొప్పులు వచ్చాయి. తొలి ఈత. ఎంతసేపు చూసినా ఒక్క కాలే బయటికి కనబడుతోంది. కొత్త డాక్టరు ఎక్కడో దూరంలో ఉన్నాడు, రావడానికి పొద్దుపోతుంది. ఆవు అలిసిపోయి పడుకుండిపోయింది. అన్నయ్య దాని తల దగ్గర కూర్చుని నుదురు రాస్తున్నాడు.

ఆమె తొడుగు వేసుకుంది. నేలమీద పడుకున్న ఆవు దగ్గరికి చేరాలంటే మోకాళ్ళ మీద వంగాలి. కాలు మడవదు. పక్కకు ఒరిగి, ఒక చెయ్యి నేలకు ఆనించి దిగబోయి, నొప్పికి పళ్ళు బిగించింది.

అన్నయ్య చూశాడు. లేచి వచ్చి, ఆమె వెనక గడ్డిలో చతికిలబడి, "నా మీద ఆనుకో చిట్టీ. కాలు చాపుకో. నేను పట్టుకుంటా" అన్నాడు.

ఆమె వీపు అతని ఛాతీకి ఆనించి, చెడ్డ కాలు చాపి, లోపల వెతికింది. దూడ రెండో ముందుకాలు వెనక్కి మడతపడి ఉంది. నెమ్మదిగా దాన్ని లోపలికి నెట్టి, గిట్టను అరచేతిలో పొదివి, ముందుకు లాగింది. "ఇప్పుడు తాడు" అంది. వదిన తాడు అందించింది. ఆవు ముక్కినప్పుడల్లా ముగ్గురూ కలిసి లాగారు. దూడ జారుతూ వచ్చి ఆమె ఒళ్ళో సగం, గడ్డిలో సగం పడింది. కదల్లేదు. ఆమె దాని ముక్కులో జిగురు తుడిచి, గడ్డిపరకతో గిలిగింత పెట్టింది. అది తుమ్మింది.

అన్నయ్య ఆమె వెనకే కూర్చుని ఏడుస్తున్నాడని, అతని ఛాతీ ఎగసిపడటం వల్ల ఆమెకు తెలిసింది.

"నన్ను అండీ అన్నావు" అన్నాడు చివరికి.

"బుద్ధి గడ్డి తింది అన్నయ్యా."

"గడ్డి తింటే మీథేన్ వస్తుందటగా" అన్నాడతను. ముగ్గురికీ నవ్వాగలేదు.

*

ఆ తర్వాత అతన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు. పాలకేంద్రం దగ్గర నిలబడి, తన ఆవులంత శుభ్రంగా త్రేన్చే ఆవులు ఎక్కడా లేవని చెప్పుకునేవాడు. ఎవరైనా వెనకనుంచి కదా అంటే, "ముందునుంచయ్యా, ముందునుంచి! చదువుకోనివాడిలా మాట్లాడతావేంటి" అని కసురుకునేవాడు. ఏ వేళకు ఎంత పొడి కలపాలో అతనే చూసుకునేవాడు. పొద్దున్నే ఆమె వచ్చేసరికి తొట్లు ఖాళీగా, నాకినట్టు ఉండేవి. "చూశావా, ఒక్క పరక వదల్లేదు" అనేవాడు గర్వంగా.

అయితే పాలు తగ్గుతున్నాయి. నాచుపొడి తినే వరసలోనే తగ్గుతున్నాయి. మేత అంతా తింటున్న ఆవు పాలు ఎందుకు తగ్గించాలి? ఆమె నీళ్ళు పరీక్ష చేయించింది, పొదుగులు చూసింది, జ్వరాలు చూసింది. ఏమీ లేదు. ఒకరోజు ఒక ఆవు పక్కటెముకల మీద చెయ్యి వేసి నిలబడిపోయింది. ఇదివరకు డాక్టరుగా చేసినప్పటి చెయ్యి అది. మేస్తున్న ఆవు ఒళ్ళు కాదు ఇది అనిపించింది.

కొట్టం వెనక పేడకుప్ప ఉంది. ఆ కుప్ప అవతల, రేకులు కప్పిన చోట, ఏవో పిట్టలు గోల చేస్తున్నాయి. రేకు ఎత్తి చూసింది. కింద మేత. ఎర్రటి పొడి అంటిన మేత, పాతది నల్లబడి, కొత్తది తడి ఆరకుండా.

అన్నయ్య అప్పుడే తట్ట పట్టుకుని మూల తిరిగి వచ్చాడు. ఆమెను చూసి ఆగిపోయాడు. తట్టలో ఆ పొద్దుటి మేత ఉంది.

"ఎన్నాళ్ళనుంచి?" అని అడిగింది.

అతను తట్ట కింద పెట్టాడు. "వాటికి ఆ వాసన నచ్చట్లేదు చిట్టీ. మొదట్లో తిన్నాయి. తర్వాత ముక్కుతో తోసేస్తున్నాయి. నువ్వు వచ్చి చూస్తే..."

"చూస్తే?"

"మిగిలిందని రాస్తావు. పని ఓడిపోయిందంటారు. మళ్ళీ నిన్ను ఆ మూల గదిలో పడేస్తారు."

"అన్నయ్యా, నేను రాసినవన్నీ అబద్ధాలయ్యాయి! ఇన్నాళ్ళ పని!" ఆమె ఎత్తిన రేకును వదిలేసింది. "ఆవులు ఆకలితో ఉన్నాయి, తెలుసా నీకు? నీ ఆవులు!"

ఆ మాట అతనికి తగలాల్సిన చోట తగిలింది. "రాత్రి పూట విడిగా గడ్డి వేస్తున్నా" అన్నాడు చిన్నగా.

"అది కూడానా!"

అది కూడా లెక్కలో లేదు. ఆమె తల పట్టుకుని పక్కనున్న నీళ్ళ తొట్టి గట్టు మీద కూలబడింది. అప్పటికి చప్పుళ్ళు విని వదిన వచ్చింది. సంగతి అర్థం చేసుకోవడానికి ఆమెకు ఒక్క చూపు చాలింది. మొగుడికేసి చూసి, "మనిషివి ఎంత మంచివాడివో, అంత పనికిమాలినవాడివి" అంది. అతను తలొంచుకున్నాడు.

ఆ రోజు డాక్టరమ్మ కోపంగానే ఇంటికి వెళ్ళింది. సగం దారిలో కోపం పోయింది, దిగులు మాత్రం పోలేదు. డైరెక్టరుకు చెప్పక తప్పదు. మర్నాడు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. మందలో చేసిన ప్రయోగంలో మేత లెక్కలు నమ్మదగ్గవి కావనీ, పొడి వల్ల ఆవులు మేత తగ్గించాయనీ. ఎవరు పారబోశారన్నది కూడా దాచలేదు. డైరెక్టరుగారు మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. "మా అన్నయ్య కూడా నా పరీక్ష పేపరు దొరుకుతుందేమోనని ఒకసారి ప్రిన్సిపాల్ ఇంటి గోడ దూకాడమ్మా" అన్నాడు. "సరే. ఏది నిజమో అదే రాయండి. మిగిలింది ఏమైనా ఉందేమో చూడండి."

మిగిలింది ఉంది. మామూలు దాణా తిన్న వరస. ఆ వరస జోలికి అన్నయ్య పోలేదు. ఆ తొట్లు, ఆ పాలు, యంత్రం కొలిచిన ఊపిరి, అన్నీ సరైనవే. దిగులుతో ఆ అంకెలు తిరగేస్తుంటే ఆమెకు ఒక సంగతి కంట పడింది. అన్ని ఆవులదీ ఒకే మేత, ఒకే కొట్టం, ఇంచుమించు ఒకే పాడి. కానీ టీచరమ్మ వదిలే మీథేన్ మిగతావాటికంటే ఎప్పుడూ తక్కువే. ఒకరోజు కాదు, రెండురోజులు కాదు, కొలిచిన ప్రతిసారీ. మందులేదు, నాచులేదు. దాని పొట్ట తీరే అంత.

ఇలాంటి ఆవులుంటాయని, ఆ గుణం కొంతవరకు సంతానానికి వస్తుందని ఆమె చదివింది. చదవడం వేరు, పుట్టింటి కొట్టంలో చూడటం వేరు. మళ్ళీ గాజు గదికి తీసుకెళ్ళి కొలిచింది. అదే లెక్క.

అన్నయ్యకు చెప్పడానికి వెళితే అతను గేటు దగ్గరే నిలబడిపోయాడు, లోపలికి రమ్మనాలో వద్దో తెలియనట్టు.

"టీచరమ్మకి పుట్టే పెయ్యల్ని కొలవాలి" అందామె. "వాటికి పుట్టేవాటినీ. చాలా ఏళ్ళు పడుతుంది. నేను రిటైరయ్యేలోగా తేలకపోవచ్చు. ఇక్కడే చెయ్యనిస్తావా?"

"నేనా? నన్ను మళ్ళీ నమ్ముతావా?"

"తొట్లు వదిన తూస్తుంది. నువ్వు పేర్లు పెట్టు."

*

పని అక్కడినుంచి నత్తనడకన సాగింది. ఆవు చూలు కట్టాలి, ఈనాలి, పుట్టింది పెయ్య కావాలి, అది పెరిగి మళ్ళీ ఈనాలి. మధ్యలో ఎండలు ముదిరి మేత కరువైన ఏడాది కొలతలే ఆగిపోయాయి. నాచుపొడిని వాళ్ళు పూర్తిగా వదిలెయ్యలేదు. ఆవులు సహించేంత కొద్దిగా, చెరుకు మడ్డిలో కలిపి వాసన చంపి పెడితే కొంత ఫలితం వచ్చింది, గాజు గదిలో చూసినంత కాదు. లేతగా ఉన్నప్పుడే కోసిన గడ్డి పెడితే పాలు పెరిగి, ప్రతి లీటరు పాలకూ వచ్చే మీథేన్ తగ్గిందని కూడా తేలింది. అది విని రైతులు, "ఇది ముందే చెప్పొచ్చుగా!" అన్నారు. వాళ్ళకు అన్నిటికంటే నచ్చింది అదే. చుట్టుపక్కల చాలామంది కోత వేళలు మార్చుకున్నారు.

చూడటానికి వచ్చేవాళ్ళకు అన్నయ్యే కొట్టం తిప్పి చూపించేవాడు. పేడకుప్ప దగ్గరికి వచ్చేసరికి ఆగి, "నేను మేత పారబోసింది ఇక్కడే" అని చెప్పేవాడు. ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు. "ఆవు తినకపోతే తినలేదని రాయించండి. మనవాళ్ళ మీద ప్రేమ ఉంటే మరీ తప్పకుండా రాయించండి." చెల్లెలు పక్కనుంటే సిగ్గుపడి అటు తిరిగి నిలబడేది.

టీచరమ్మ పెద్ద పెయ్యను కొలిచిన రోజు అందరూ యంత్రం చుట్టూ చేరారు. లెక్క మామూలుగా వచ్చింది. తల్లిలా తక్కువేం కాదు. అన్నయ్య మొహం వాడిపోయింది. "యంత్రం సరిగ్గా ఉందా?" అని అడిగాడు. ఉంది. మళ్ళీ కొలిచారు, మళ్ళీ అంతే. "అన్నీ తల్లి పోలికే రావు అన్నయ్యా" అని ఆమె నచ్చజెప్పింది గానీ ఆ రోజు ఆమెకూ అన్నం సయించలేదు. రెండో పెయ్య వంతు వచ్చేసరికి ఇంకో రెండేళ్ళు పట్టింది. దానిది తల్లికంటే కూడా తక్కువ వచ్చింది. అన్నయ్య పరిగెత్తుకుంటూ ఇంట్లోకి వెళ్ళి వదినను పిండి చేతులతోనే లాక్కొచ్చాడు.

గత ఏడాది ఆమె రిటైరయ్యింది. ఆ విభాగం ఇప్పుడు ఒక పడుచు పరిశోధకురాలిది. గాజు గదులు కూడా పెరిగాయి. కావాలనే అడిగి వచ్చేవాళ్ళున్నారు. తేలాల్సింది ఇంకా చాలా ఉంది. ఆ గుణమున్న పెయ్యలు పాడి తగ్గకుండా, రోగాలు రాకుండా నిలబడతాయో లేదో తేలడానికి ఇంకెన్ని ఈతలు పట్టాలో ఎవరూ చెప్పలేరు. ఆమెకు ఆ సంగతి బాధ కలిగించడం లేదు. అడిగితే, "నేను చూడకపోతేనేం, ఆవులు చూస్తాయి" అని నవ్వుతుంది.

వారంలో కొన్ని పొద్దులు ఆమె కొట్టానికి వెళుతుంది. మొన్న వెళ్ళినప్పుడు రెండో పెయ్య చూలు మీద ఉంది. తర్వాతి ఈతకు ఏ ఆబోతును ఎంచుకోవాలన్న దాని మీద అన్నాచెల్లెళ్ళిద్దరూ కంచె మీద మోచేతులు ఆనించి వాదించుకుంటున్నారు. అతను ఒడ్డూ పొడుగూ చూడాలంటాడు, ఆమె పొట్ట చూడాలంటుంది. వాదన ఎటూ తెగలేదు. వదిన లోపలినుంచి టీ చల్లారిపోతోందని రెండుసార్లు కేకేసింది. ఎవరూ కదల్లేదు.